గుమ్మం బయట నాలుగు జతలు

ముఐథర్, దోహా
12 సెప్టెంబరు 1993

రెజీనా అక్కకి,

కొత్త ఇంటి అడ్రసు కవరు వెనకాల రాశాను, చూసుకో. మూడంతస్తుల బిల్డింగులో మాది పై అంతస్తు. రెండు గదులూ, ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటికి పోవాల్సినంత వంటిల్లూ. మీ మరిదిగారి ఆఫీసు వెస్ట్ బేలో. పొద్దున్న ఆరింటికి కంపెనీ కారెక్కితే మళ్ళీ సాయంత్రమే. అందాకా నేను గోడలతో కబుర్లు చెప్పుకుంటూ కూచోవాలి.

శుక్రవారం మాత్రం ఇల్లు నిండుతుంది. ఇక్కడ మనకి చర్చి లేదు కదా, ఎవరో ఒకరి ఇంట్లో చప్పుడు కాకుండా నలుగురూ కూడి ప్రార్థన చేసుకోవడమే. చిన్నాన్నగారి రాజ్ కిరణ్ అల్ ఖోర్ నుంచి తన లేబర్ క్యాంపులో మనవాళ్ళని వెంటేసుకుని బస్సులో దిగుతాడు. ప్రార్థన నడిపేదీ వాడే, నడుము మీద చెయ్యేసుకుని అందరికీ పనులు చెప్పేదీ వాడే. దోహాలో ఉన్న గోదావరి, కృష్ణా వాళ్ళతో కలిపి పద్దెనిమిది మంది దాకా తేలతారు. అందరికీ పులిహోరా కోడికూరా నేనే వండుతాను. నడుం విరిగినా సంతోషంగానే ఉంటుంది.

భయం కూడా ఉందక్కా. అద్దె కాగితంలో భార్యాభర్తలు మాత్రమే ఉండాలి, జనం గుమిగూడకూడదు అని ఉంది. కింద సంతకం మీ మరిదిగారిది. ఓనరుకి తెలిస్తే ఇల్లు పోతుంది, కంపెనీ దాకా పాకితే ఉద్యోగం కూడా పోతుంది. ఓనరు తరఫున బిల్డింగు చూసుకునేది ఫసీయుద్దీన్ అని హైదరాబాదాయన. పోయినవారం మెట్ల మీద ఆపి, "మీ ఇంట్ల ఎంతమంది ఉంటరమ్మా?" అని అడిగాడు. ఇద్దరం అన్నాను. తలూపి వెళ్ళిపోయాడు. ఎవరో చేరెయ్యకపోతే ఆయన ఎందుకడుగుతాడు, చెప్పు.

ఎవరు చేరేశారో కూడా నాకు తెలుసు. మా కింద అంతస్తులో ఫిలిప్పీన్స్ ముసలావిడ ఉంటుంది. పేరు ఇసిడ్రా, అరవై ఏడేళ్ళు. అందరూ లోలా అంటారు, వాళ్ళ భాషలో అమ్మమ్మ అని అర్థమట. కూతురు మారిసెల్ ఒక హోటల్లో దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికించే పని చేస్తుంది. ఈవిడ ఇంట్లోనే. శుక్రవారం వచ్చిందంటే చాలు, తలుపు బార్లా తీసి, గుమ్మంలో స్టూలు వేసుకుని, చేతిలో రోజరీ పూసలు పట్టుకుని కూచుంటుంది. ఒక మనిషి మెట్లెక్కితే ఒక పూస జరుగుతుంది. నా కళ్ళతో నేను చూశాను. ఆవిడ ప్రార్థన చెయ్యడంలేదు, మనుషుల్ని లెక్కపెడుతోంది.

మొన్న ప్రార్థన కాస్త ముందుగా అయిపోయింది. తలుపు తీసి చూస్తే గుమ్మం బయట విడిచిన చెప్పుల్లో పద్నాలుగు జతలు లేవు. వెతికితే కింద, ఆవిడ గుమ్మం పక్కన, హోటలు బట్టల బుట్టలో ఉన్నాయి. అడిగితే తొణక్కుండా బెణక్కుండా తీసి ఇచ్చేసి, ఇంగ్లీషులో "చాలా చెప్పులు. మంచిది కాదు" అంది. నువ్వు పంపిన బంగారు రంగు పట్టీల చెప్పుల మీద కూడా ఆవిడ కన్నుంది, ఎప్పుడు చూసినా వాటివంకే చూస్తూ ఉంటుంది.

ఏం చెయ్యమంటావో రాయి.

నీ సుకుమారి


పాలకొల్లు
2 అక్టోబరు 1993

సుకూ,

ఏం చెయ్యమంటావని నన్నడుగుతున్నావు, అంటే ఇప్పటిదాకా ఏమీ చెయ్యలేదన్నమాట. నీ మెతకతనం సముద్రాలు దాటినా నిన్ను వదల్లేదు.

ఇరవై రెండేళ్ళుగా బడిలో ఆడపిల్లల్ని చూస్తున్నాను. క్లాసులో దొంగతనం జరిగితే, వెతుకుతున్నప్పుడు అందరికంటే నిదానంగా ఉన్న పిల్ల పుస్తకాల సంచీలోనే వస్తువు దొరుకుతుంది. పట్టుబడ్డాక కూడా ఆవిడ మొహంలో సిగ్గు లేదంటే అది అలవాటున్న చెయ్యి. చెప్పుల దొంగయితే ఫరవాలేదు. కానీ పద్నాలుగు జతలు ఒక్క ముసల్ది ఏం చేసుకుంటుందే? ఎంతమంది వస్తున్నారో ఫసీయుద్దీన్ కి చూపించడానికి రుజువు కింద దాస్తోందేమో ఆలోచించు.

పూసలంటావా, వాళ్ళు ఆర్.సి.ఎం. వాళ్ళు, క్యాథలిక్కులు. నాన్న బతికుండగా ఏమనేవాడో నీకు గుర్తుంది కదా. చేతిలో పూసలున్నంత మాత్రాన నోట్లో ప్రార్థన ఉండాలని లేదు.

నేను చెప్పినట్టు చెయ్యి. వచ్చే శుక్రవారం ప్రార్థనలో కూచోకు. వంట వంక పెట్టి, తలుపుకున్న చిన్న అద్దంలోంచి గంటసేపు బయటికి చూడు. ఎవరొస్తున్నారు, ఎవరు పోతున్నారు, ఎన్నింటికి, అన్నీ కాగితం మీద రాసి పంపు. ఆవిడకి కూరలూ అవీ పంపకు. మాటలు కలపకు.

కృపారావు మరిదిగారిని అడిగానని చెప్పు. ఆయనకి ఈ సంగతులు తెలుసా?

అక్క


ముఐథర్
20 అక్టోబరు 1993

అక్కకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. పదిహేనో తారీకు శుక్రవారం.

మూడింటికి మనవాళ్ళందరూ లోపలికొచ్చారు. మూడుంపావుకి లోలా పైకొచ్చింది. వట్టి కాళ్ళతో, పిల్లి నడిచినట్టు. చేతిలో ఆ పెద్ద బుట్ట. ఒక్కొక్క జతా తీసి, రెండు అడుగుభాగాలూ కలిపి, చప్పుడవకుండా బుట్టలో పేర్చింది. పైన ఒక దుప్పటి పరిచింది. మీ మరిదిగారివీ, నావీ, ఇంకో రెండు జతలూ వదిలేసింది. ఆ నాలుగు జతల్నీ సర్దింది కూడా. ఆ తరవాత బుట్ట నడుమున పెట్టుకుని దిగిపోయింది.

మూడున్నరకి ఫసీయుద్దీన్ పైకొచ్చాడు. మేడమీది నీళ్ళ ట్యాంకు చూడ్డానికన్నట్టు వెళ్ళాడు, దిగుతూ మా గుమ్మం వైపు చూశాడు. చూసి వెళ్ళిపోయాడు. ఆ ముసలావిడే పంపించి ఉంటుంది.

అయిదవుతుండగా, లోపల ఆఖరి కీర్తన ఎత్తుకోగానే, ఆవిడ మళ్ళీ వచ్చి అన్నీ ఎక్కడివక్కడ పెట్టేసింది. నేను చటుక్కున తలుపు తీశాను. ఆవిడ చేతిలో క్యాంపు వాళ్ళ బూట్లు ఒక జత. ఏంటిదని నిలదీశాను. నాలుగు వేళ్ళు చూపించి, "నాలుగు చాలు, మిసిస్" అంది. అంతే, వెళ్ళిపోయింది. అంటే ఏమిటో నాకు బోధపడలేదు. నా బంగారు పట్టీలవి మాత్రం ముట్టుకోలేదు. ఆఖర్న ఒకేసారి కొట్టేద్దామనుకుంటోందేమో.

రాజ్ కిరణ్ కి చెబితే మండిపడ్డాడు. కిందకి వెళ్ళి గొడవ పెట్టుకుంటానన్నాడు. వద్దురా బాబూ, నోరు మూసుకోమని నేనే ఆపాను. మీ మరిదిగారికి చెప్పాను. ఆయన సంగతి తెలుసుగా, అన్నీ విని, చెప్పులు లోపల పెట్టుకుంటే పోయె కదా అన్నారు. ప్రార్థన జరిగే గదిలోకి చెప్పులా అని నలుగురూ ఆయన మీద విరుచుకుపడ్డారు.

రోజూ మెట్లు దిగుతుంటే ఆవిడ తలుపు సందులోంచి నన్ను చూస్తున్నట్టే ఉంటోంది. సరిగా నిద్ర పట్టడంలేదు.

సుకుమారి


పాలకొల్లు
8 నవంబరు 1993

సుకూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముసల్ది తీసుకెళ్ళిన పావుగంటకి ఆ ఫసీయుద్దీన్ రావడం, ఆయన వెళ్ళాక ఈవిడ తిరిగి పెట్టెయ్యడం. ఇంకేం కావాలే నీకు? ఇద్దరూ కూడబలుక్కున్నారు.

యుద్ధం రోజుల గురించి పిల్లలకి పాఠం చెబుతుంటాను. పరాయివాళ్ళు వచ్చి పడ్డ ప్రతి ఊళ్ళోనూ పక్కింటివాళ్ళని అప్పగించిన మనిషి ఒకరుంటారు. వాళ్ళకి కొమ్ములేమీ ఉండవు. ఇలాగే గుమ్మంలో కూచుని చూస్తూ ఉంటారు.

నువ్వు కంగారు పడకు. ఈ సంగతి ఇక నీ చేతుల్లో ఉంచదలుచుకోలేదు. నీ ఆరోగ్యం చూసుకో.

అక్క


ముఐథర్
3 డిసెంబరు 1993

అక్కకి,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు కుదురుగా లేకపోతే ఏమీ అనుకోకు.

రాజ్ కిరణ్ మాకు ఒక్క మాటైనా చెప్పకుండా ఓనరు పేరున ఇంగ్లీషులో కాగితం రాసి, దాన్ని ఫసీయుద్దీన్ చేతికిచ్చాడు. కింది అంతస్తు ఫిలిప్పీన్ స్త్రీ మా బంధువుల ఇంటి గుమ్మం నుండి పద్నాలుగు జతల చెప్పులు దొంగిలించినది, తగిన చర్య తీసుకోగలరు అని. కింద సంతకం, తారీకు, మా ఫ్లాటు నంబరు.

ఫసీయుద్దీన్ ఆ కాగితం పట్టుకుని మీ మరిదిగారి దగ్గరకొచ్చాడు. ఆయన మొహంలో కోపం లేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. "సార్, ఇంట్ల ఉండేది ఇద్దరైతే గుమ్మం కాడ పద్నాలుగు జతలు ఎట్ల పోతయి?" అన్నాడు. కాగితం ఓనరు పేరున ఉంది కాబట్టి దాచడం కుదరదనీ, ఇచ్చి తీరాలనీ చెప్పాడు. ఇచ్చాడు కూడా. ఓనరు తనే ఒక రోజు వచ్చి చూస్తానన్నాడట. ఏ రోజో చెప్పలేదు.

ఇన్నాళ్ళూ ఎవరు చేరేస్తారా అని కాపలా కాశాం, ఆఖరికి మేమే సంతకం పెట్టి మరీ చేరేసుకున్నాం. కొన్నాళ్ళు ప్రార్థన మానేద్దామని మీ మరిదిగారు అంటే, క్రిస్మస్ నెలలో మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టే అని రాజ్ కిరణ్ మొండికేశాడు. పదిహేడో తారీకున చివరిసారి కూడి, ఆ తరవాత ఆపేద్దామని తేల్చారు.

ఇంత పని చెయ్యమని నీకెవర్రా చెప్పారని వాణ్ణి అడిగాను. పెద్దల సలహా తీసుకునే చేశానన్నాడు. ఏ పెద్దలు అంటే మాట మార్చాడు. ఇక్కడ వాడికి పెద్దలెవరూ లేరు.

అక్కా, నీకేమైనా తెలుసా?

సుకుమారి


పాలకొల్లు
18 డిసెంబరు 1993

సుకూ,

నాకేం తెలుస్తుంది? వాడు అల్ ఖోర్ లో, నేను పాలకొల్లులో. ఎవరేం చేసినా నామీద పెట్టడం నీకు చిన్నప్పటినుంచీ అలవాటే.

కాగితం రాసినందుకు వాణ్ణి అనడం దేనికి? తప్పు చేసింది ఆవిడ. ఓనరు వస్తే రానీ, ఆవిడ గదిలో వెతకమనండి.

పరీక్ష పేపర్లు దిద్దాలి, ఉంటాను. క్రిస్మస్ శుభాకాంక్షలు.

రెజీనా


ముఐథర్
20 డిసెంబరు 1993

అక్కకి,

దీన్ని నింపాదిగా కూచుని చదువు. ఒక్కసారే రాయగలను.

ముందుగా నీకు గానీ మీ మరిదిగారికి గానీ చెప్పని సంగతి. గురువారం మధ్యాహ్నం లోలా మా తలుపు తట్టింది. "రేపు ఓనరు వస్తున్నాడు, ఫసీయుద్దీన్ చెప్పాడు" అంది. నాలుగు వేళ్ళు చూపించింది. నన్ను బెదిరించడానికి వచ్చిందనుకున్నాను. ఆవిడ మొహమ్మీదే తలుపు వేసేశాను. ఎవరితోనైనా అంటే రాజ్ కిరణ్ మళ్ళీ గొడవకి దిగుతాడని నోరు మూసుకున్నాను. ఆ ఒక్క మాట చెప్పుంటే అందరం ఆగిపోయేవాళ్ళం.

శుక్రవారం పద్దెనిమిది మందీ వచ్చారు. నేను వంటింట్లో పిండి కలుపుతున్నాను. మెట్ల కింద నుంచి ఫసీయుద్దీన్ గొంతు, దాని వెనక అరబ్బీ మాట వినిపించాయి. చెప్పులన్నీ లోపలికి లాగేద్దామని పరుగెత్తి తలుపు తీశాను. గుమ్మం బయట నాలుగే జతలున్నాయి. మీ మరిదిగారివీ, నావీ, ఇంకో రెండు.

ఓనరు పెద్దమనిషి, తెల్లటి గడ్డం. నా పిండి చేతుల వంక చూశాడు, చెప్పుల వంక చూశాడు. ఎంతమంది అని అడిగాడు. మేమిద్దరం, చుట్టాలిద్దరు అన్నాను. లోపల మిగతా పదహారు మందీ ఊపిరి బిగబట్టుకుని కూచున్నారు. చంటిపిల్లాడైనా ఏడవలేదు. ఆయన తలూపి వెనక్కి తిరిగాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆ కాగితంలో ఆవిడ ప్రస్తావన ఉంది కదా. ఆయన కింద అంతస్తులో ఆగాడు. ఎప్పట్లాగే లోలా తలుపు బార్లా తీసి ఉంది. బుట్ట ఎదురుగానే ఉంది. దుప్పటి తీశారు. ఇవెవరివి అని ఫసీయుద్దీన్ అడిగితే, ఆవిడ లేచి నిలబడి, మెట్ల పైన ఉన్న నాకు కూడా వినిపించేలా చెప్పింది. "నేనే దొంగిలించాను. ఈ బిల్డింగు, ఆ బిల్డింగు, వీధంతా. నేను దొంగని."

మేం పద్దెనిమిది మందీ, మేమిద్దరమూ అది విన్నాం. ఒక్కరం కూడా కిందకి దిగలేదు.

ఆయన పోలీసుల్ని పిలవలేదు, ముసలావిడ అని జాలిపడ్డాడేమో. కొత్త ఏడాది మొదటి వారంలోగా ఫ్లాటు ఖాళీ చెయ్యమన్నాడు. చెప్పులన్నీ ఫసీయుద్దీన్ గోనెసంచీలో ఎత్తుకుపోయాడు. మావి అని అడిగే దిక్కు లేదు, అడిగితే అంతా బయటపడుతుంది. పదహారు మంది ఒకరి తరవాత ఒకరు వట్టి కాళ్ళతో ఆ చల్లటి మెట్లు దిగి వెళ్ళారు. రాజ్ కిరణ్ అల్ ఖోర్ బస్సు కూడా అలాగే ఎక్కాడు. వెళ్తూ నా మొహం చూడలేదు.

శనివారం పొద్దున్నే కిందకి వెళ్ళాను. మారిసెల్ బట్టలు సర్దుతూ ఏడుస్తోంది. నన్ను చూసి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తను ఇక హోటలు వాళ్ళ గదిలో ఉండాలి, అక్కడ తల్లిని ఉండనివ్వరు. అందుకని లోలా దేశం వెళ్ళిపోవాలి. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. ఎందుకు చేశావు లోలా అని అడిగాను. ఆవిడ కాఫీ కలిపి ఇచ్చి, ఇంగ్లీషులో మెల్లగా చెప్పుకొచ్చింది.

జపాను వాళ్ళు ఫిలిప్పీన్స్ ని పట్టుకున్నప్పుడు ఆవిడకి పదహారేళ్ళు. పనాయ్ అనే దీవిలో చిన్న ఊరు. ఊళ్ళో జపాను సిపాయిలు, కొండల్లో వాళ్ళని ఎదిరించే గెరిల్లాలు. ఈవిడ సిపాయిల బట్టలుతికేది. ఎన్ని చొక్కాలు ఉతుక్కి వస్తే అంతమంది సిపాయిలు దిగినట్టు. కాగితం మీద రాస్తే ప్రాణం పోతుందని ఆ లెక్కని రోజరీ పూసల మీద గుర్తుపెట్టుకుని, తడిబట్టల బుట్ట నెత్తినెట్టుకుని ఏటికి వెళ్ళేది. అక్కడ చేపలు పడుతున్నట్టు కూచున్న మనిషికి చెప్పేది. రెండేళ్ళు అలా చేసింది. దారిలో కాపలావాళ్ళు ఆపి బుట్ట బోర్లించి వెతికేవాళ్ళట. వాళ్ళకి దొరికేవి వాళ్ళ చొక్కాలే.

కొండవాళ్ళు ఊళ్ళోకొచ్చి మాట్లాడుకోవాలంటే ఆవిడ పెద్దమ్మ ఇల్లు. పైకి ప్రార్థన. ఆడవాళ్ళు ముందు గదిలో గట్టిగా జపాలు చదువుతుంటే, మగవాళ్ళు వెనక మాట్లాడుకునేవారు. వాళ్ళదీ మన అలవాటేనక్కా. మెట్ల కింద చెక్క చెప్పులు విడిచి పైకెక్కుతారు. ఆ ఇంట్లో ఉండేది నలుగురు. నాలుగు జతలు వదిలి మిగతావన్నీ బుట్టలో వేసి, మీద తడిబట్ట కప్పి ఏటికి తీసుకుపోవడం లోలా పని. అందరూ దిగేవేళకి మళ్ళీ తెచ్చి పెట్టాలి. ఎక్కినవాళ్ళెందరో దిగినవాళ్ళూ అందరే ఉన్నారా అని పూసల మీద చూసుకోవాలి.

ఒకరోజు పదకొండు జతలు ఎక్కువగా ఉన్నాయి. వాటిలో ఒకటి పక్క ఊరి టీచరమ్మది, దానిమీద ఎర్రపూలు చెక్కి ఉన్నాయట. లోలాకి అలాంటివి ఎప్పుడూ లేవు. వాటిని తొడుక్కుంది. ఏటి దాకా వెళ్ళి నీళ్ళలో చూసుకుందామని, మిగతావి వచ్చాక తీయొచ్చులే అనుకుంది. వచ్చేసరికి సిపాయిలు మెట్ల కింద నిలబడి చెప్పులు లెక్కపెడుతున్నారు.

ఇంట్లో పదిహేను మంది. పెద్దమ్మ, లోలా సొంత అన్న, ఆ టీచరమ్మ, అందరూ. ఒక్కరు కూడా మిగల్లేదు. టీచరమ్మ చెప్పులు ఈవిడ కాళ్ళకే ఉండిపోయాయి.

యుద్ధమయ్యాక గెరిల్లాల జాబితాలో పేరు రాయించుకుందామని వెళితే సాక్షులెవరని అడిగారట. సాక్షులందరూ ఆ ఇంట్లోనే పోయారు. పైగా అందరూ పోయి ఇదొక్కతే ఎలా మిగిలిందని ఊరు అనుమానించింది. ఇదే అప్పగించిందన్నారు. ఆవిడ ఇంటి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఇప్పటికీ పలకరించనివాళ్ళున్నారట.

"దొంగ అన్నది చిన్న మాట, మిసిస్" అంది. "మా ఊళ్ళో యాభై ఏళ్ళుగా నన్ను ఇంకో మాట అంటున్నారు."

నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఇంకో మాట కూడా అంది. "ఈసారి నేను ఆలస్యం చెయ్యలేదు."

ఇన్నాళ్ళూ ఆవిడ గుమ్మంలో కూచుని మమ్మల్ని కాపలా కాసింది. తనూ ప్రభువు బిడ్డేనని, ఒక్కసారి రా అని కూడా మేం పిలవలేదు. నీకూ నాకూ ఆవిడ పూసలే కనిపించాయి.

ఇప్పుడు నన్ను ఒక్కటే అడగనీ. రాజ్ కిరణ్ కి రాసింది నువ్వేనా?

సుకుమారి


పాలకొల్లు
6 జనవరి 1994

సుకూ,

నేనే రాశాను.

నవంబరు ఎనిమిదిన నీకు రాసిన రోజే వాడికీ రాశాను. మీ అక్క చేతకానిది, నువ్వైనా మగాడిలా కాగితం మీద ఫిర్యాదు ఇవ్వు, ఏం రాయాలో ఇదిగో అని ఇంగ్లీషులో చిత్తుప్రతి కూడా పంపాను. వాడు నా మాటలు మార్చకుండా ఎక్కించాడు. పద్నాలుగు జతలని రాయించింది నేనే. ఆ అంకె మీ మెడకే చుట్టుకుంటుందని నాకు తట్టలేదు. పిల్లల లెక్కల్లో తప్పులు పట్టేదాన్ని నేను.

నువ్వడిగినప్పుడు అబద్ధం ఆడాను. ఆ రోజు పరీక్ష పేపర్లేమీ లేవు.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ అన్నం సయించడంలేదు. పరాయివాళ్ళొచ్చిన ప్రతి ఊళ్ళోనూ అప్పగించే మనిషి ఒకరుంటారని నీకు పాఠం చెప్పాను కదా. ఆ మనిషి కింది అంతస్తులో ఉందనుకున్నాను. పాలకొల్లులో కూచుని ఉత్తరాలు రాస్తోంది.

ఒక పని చెయ్యి. నువ్వూ మరిదిగారూ ఓనరు దగ్గరకి వెళ్ళి నిజం చెప్పండి. ఇల్లు పోతే పోనీ. ఆవిడ పేరు మీద దొంగ అని ఉండకూడదు. ఈ కవరులో ఆవిడకి ఇంగ్లీషులో ఒక ఉత్తరం పెట్టాను. క్షమించమని అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. ఇప్పటికైనా ఆవిడకి కాగితం మీద ఒక సాక్షి ఉండాలి. నీ చేత్తో ఇవ్వు.

రెజీనా


ముఐథర్
6 ఫిబ్రవరి 1994

అక్కకి,

నీ ఉత్తరం అందేటప్పటికి లోలా లేదు. జనవరి అయిదునే వెళ్ళిపోయింది. నువ్వు ఆవిడకి రాసింది మారిసెల్ కి ఇచ్చాను. మొత్తం చదివి, మడిచి, తల్లి అడ్రసు రాసిన కవరులో పెట్టింది.

ఓనరుకి నిజం చెబుతానని, లోలా వెళ్ళే ముందు రోజు నేను కూడా ఆవిడతో అన్నాను. ఆవిడకి మొదటిసారి కోపం వచ్చింది. బుట్ట మోసింది నేను, ఇప్పుడు నువ్వు బోర్లించకు అంది. ఆ పద్దెనిమిది మంది కొలువులూ ఆవిడే కాపాడింది, వాటిని పారబొయ్యడానికి నాకేం హక్కుంది? అందుకని చెప్పలేదు. ధైర్యం లేక కూడా చెప్పలేదు. రెండూ నిజమే, ఏది ఎంతో నేను తేల్చుకోలేకపోతున్నాను.

బయల్దేరే రోజు చూస్తే ఆవిడ కాళ్ళకి హోటళ్ళలో ఇచ్చే పల్చటి గుడ్డ చెప్పులున్నాయి. ఆ చలిలో, విమానానికి. నేను పైకి పరుగెత్తి నువ్వు పంపిన బంగారు పట్టీలవి తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాను. వాటికేసి చాలాసేపు చూసింది. ఇష్టమేనక్కా, కళ్ళలో తెలిసిపోతోంది. కానీ తొడుక్కోలేదు. "ఒకసారి ఒకరివి వేసుకున్నాను, చాలు" అంది. కారెక్కే ముందు నా తల మీద చెయ్యి పెట్టింది.

పోయినవారం ఫసీయుద్దీన్ గోనెసంచీ భుజాన వేసుకుని పైకొచ్చాడు. మా గుమ్మంలో దించి, "మీవే అమ్మా. ఓనరు పారెయ్యమన్నడు, నేను దాచిన" అన్నాడు. ఆయనకి మొదటినుంచీ అంతా తెలుసట. అయితే ముందు ఎంతమంది ఉంటారని ఎందుకడిగావు, నీకెవరు చెప్పారు అని అడిగాను.

"ఎవ్వలు చెప్తరమ్మా?" అన్నాడు. "శుక్రారం శుక్రారం మేడమీద ట్యాంకుల నీళ్ళు అయిపోతుండె. గందుకే అడిగిన."

అంతేనక్కా. చేరేసినవాళ్ళు ఎవరూ లేరు. ఎప్పుడూ లేరు. పద్దెనిమిది మందికి వండి, గిన్నెలు కడుక్కునే నీళ్ళు. దానికి నేను నీకు రాశాను, నువ్వు వాడికి రాశావు, వాడు ఓనరుకి రాశాడు.

నీమీద నాకు కోపం పోలేదు. నామీద నాకు పోతేగదా నీమీద పోవడానికి. అయినా ఉత్తరాలు మానకు.

ఇప్పుడు ప్రార్థనకి ఆరేడుగురికి మించి రారు. వారానికొకరి ఇంట్లో. చెప్పులు పేపర్లో చుట్టుకుని లోపలికి తెచ్చుకుంటున్నారు, ఎవరూ ఏమీ అనడంలేదు. సంచీలోవి ఎవరివి వాళ్ళకి పంచాను. రాజ్ కిరణ్ తనవి తీసుకోలేక తీసుకున్నాడు. పదహారు జతలుండాలి కదా, పదిహేడున్నాయి. మిగిలింది అరిగిపోయిన రబ్బరు చెప్పుల జత. చిన్న కాళ్ళవి. మడమ దగ్గర తెగితే దారంతో కుట్టి ఉంది. ఆ రోజు ఫసీయుద్దీన్ ఎత్తేటప్పుడు ఆవిడ గుమ్మంలో ఉన్నవి కూడా కలిపి ఎత్తేసినట్టున్నాడు. అందుకే ఆవిడ ఆ గుడ్డ చెప్పులతో వెళ్ళింది. అడిగి ఉంటే సంచీ విప్పేవాళ్ళు, విప్పితే లెక్కపెట్టేవాళ్ళు. అందుకే అడగలేదు.

మారిసెల్ కి ఇద్దామనుకుని కూడా ఇవ్వలేకపోయాను. శుక్రవారం శుక్రవారం మా గుమ్మం బయట ఇప్పుడు మూడు జతలుంటున్నాయి. ఆయనవి, నావి, ఆవిడవి.

సుకుమారి